హెచ్.ఎమ్.ఎస్. అలర్ట్: ఒక విక్టోరియా కాలపు స్లూప్ కథ – తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర ధ్రువ యాత్రల గురించి చదివేవాళ్లకు అలర్ట్ పేరు ఎక్కడో ఒకచోట తగులుతుంది. చాలామంది దాన్ని 1875–76 యాత్రతో మొదలుపెట్టి అక్కడితోనే ఆపేస్తారు. ఆ యాత్రకు ముందు ఇరవై ఏళ్లు, తర్వాత ఇంకో పద్దెనిమిదేళ్లు కూడా ఈ ఓడ సముద్రం మీదే ఉంది. నాకు ఎక్కువ ఇష్టమైనది ఆ తర్వాతి భాగం, ముఖ్యంగా సర్వే చేసిన నాలుగేళ్లు. అందుకే ఆ ప్రశ్నల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాను.

అలర్ట్ ఎలాంటి ఓడ?

బ్రిటిష్ నౌకాదళానికి చెందిన కొయ్య ఓడ. వేల్స్‌లోని పెంబ్రోక్ డాక్‌యార్డులో కట్టారు. క్రిమియా యుద్ధం జరుగుతున్నప్పుడు, 1855లో, పని మొదలైంది. 1856 మే 20న నీళ్లలోకి దింపే నాటికి యుద్ధం ముగిసి రెండు నెలలు కావస్తోంది. పొడవు 160 అడుగులు, వెడల్పు 32 అడుగులకు కాస్త తక్కువ. మొత్తం 17 ఫిరంగులు, మామూలు రోజుల్లో 170 మందికి పైగా సిబ్బంది. ఆవిరి ఇంజన్ మీద గంటకు తొమ్మిది నాటికల్ మైళ్ల లోపే వెళ్లేది. ఆ కాలానికి కూడా అది పెద్ద ఓడా కాదు, వేగమైన ఓడా కాదు.

స్లూప్ అంటే ఏమిటి?

ఈ మాట కొంచెం తికమక పెడుతుంది, ఎందుకంటే ఒకే తెరచాప కొయ్య ఉన్న చిన్న పడవనూ ఇంగ్లిషులో స్లూప్ అనే అంటారు. నౌకాదళంలో అర్థం వేరు. అక్కడ స్లూప్ అంటే ఫ్రిగేట్, కార్వెట్ల కన్నా చిన్నదైన యుద్ధనౌక. దాని అధికారి మామూలుగా కెప్టెన్ హోదా కన్నా ఒక మెట్టు కింద, అంటే కమాండర్ హోదాలో ఉంటాడు. పెద్ద యుద్ధాల్లో వరసలో నిలబడి పోరాడడం దాని పని కాదు. దూరదేశాల రేవుల్లో జెండా చూపించడం, వర్తక ఓడలకు కాపలా, ఉత్తరాలు చేరవేయడం, గొడవ ఉన్నచోట వెళ్లి నిలబడడం లాంటివన్నీ దాని మీద పడేవి. ఒక జిల్లాలో తహసీల్దారు చేసే పనులకు జాబితా రాయడం ఎంత కష్టమో, స్లూప్ చేసే పనులకు జాబితా రాయడం కూడా అంతే కష్టం.

ఇంజన్ ఉండగా తెరచాపలు ఎందుకు?

బొగ్గు కోసం. ఆనాటి ఇంజన్లు బొగ్గును విపరీతంగా తినేవి. పసిఫిక్‌లాంటి సముద్రంలో బొగ్గు దొరికే రేవులు ఎక్కడో దూరదూరంగా ఉండేవి. అందుకని గాలి ఉన్నంతసేపూ తెరచాప మీదే వెళ్లేవాళ్లు. గాలి పడిపోయినప్పుడు, ఇరుకు కాలవల్లో తిరగాల్సినప్పుడు మాత్రం బాయిలర్ రాజేసేవాళ్లు. అలర్ట్‌కు నీటి అడుగున తిరిగే మరచక్రాన్ని పైకి లాగే ఏర్పాటు ఉండేది. ఈ ఏర్పాటు తర్వాత ఆర్కిటిక్‌లో ఓడ ప్రాణం కాపాడింది. మంచు దగ్గరికి వచ్చినప్పుడు మరచక్రాన్నీ చుక్కానినీ పైకి ఎత్తేసేవాళ్లు, లేకపోతే రెండూ నుజ్జయిపోయేవి.

మొదటి ఇరవై ఏళ్లు ఎక్కడ ఉంది?

ఎక్కువగా పసిఫిక్‌లో. కెనడా పడమటి తీరాన వాంకూవర్ దీవిలోని ఎస్క్విమాల్ట్ రేవు కేంద్రంగా రెండు విడతలు పనిచేసింది. 1858లో ఫ్రేజర్ నది దగ్గర బంగారం దొరికిందని వేలమంది ఆ తీరానికి ఎగబడ్డారు. మరుసటి ఏడాది శాన్ వాన్ దీవుల దగ్గర బ్రిటన్‌కూ అమెరికాకూ సరిహద్దు తగాదా ముదిరింది. అలాంటి సమయంలో అక్కడ యుద్ధనౌక కనిపిస్తూ ఉండడమే ఒక పని.

ఆ రోజుల గుర్తు ఒకటి ఇంకా మిగిలింది. వాంకూవర్ దీవికి ఉత్తరపు కొసన ఉన్న కార్మొరెంట్ దీవిలో అలర్ట్ బే అనే ఊరుంది. 1860 ప్రాంతంలో ఈ ఓడ పేరే ఆ అఖాతానికి పెట్టారు. ఆ దీవికి ఇంకో యుద్ధనౌక కార్మొరెంట్ పేరు. అక్కడి ఆదివాసులైన నమ్‌గిస్ ప్రజలకు ఆ చోటు అంతకుముందు నుంచే యలిస్. పటం గీసేవాడు పేరు రాయకముందు కూడా ఆ చోటికి ఒక పేరు ఉంటుందన్న సంగతి, ఈ ఓడ పెట్టిన పేర్లన్నీ చదివేటప్పుడు గుర్తుంచుకోవాలి.

ఉత్తర ధ్రువానికి ఈ ఓడనే ఎందుకు ఎంచుకున్నారు?

గట్టి కొయ్య ఓడ కావడం, మరీ పెద్దది కాకపోవడం కారణాలు. 1874లో దాన్ని రేవులోకి తెచ్చి దాదాపు కొత్తగా తయారు చేశారు. ఫిరంగులు తీసేసి నాలుగే ఉంచారు. కొత్త ఇంజను పెట్టారు. ఓడ పక్కలకు లోపలా బయటా టేకు, కెనడా ఎల్మ్, పైన్ కలపతో బలం పోశారు. ముందుభాగానికి ఇనుప రేకు తొడిగారు. ఇంగ్లిషువాళ్ల ‘టీక్’ అనే మాట పోర్చుగీసు ద్వారా మలయాళం ‘తేక్కు’ నుంచి వెళ్లింది, మన టేకూ ఆ కుటుంబంలోదే. ఆర్కిటిక్ మంచును తట్టుకున్న చెక్క పేరు దక్షిణాది పేరు కావడం నాకు ఎప్పుడు చదివినా బాగుంటుంది.

కెప్టెన్‌గా జార్జ్ స్ట్రాంగ్ నేర్స్‌ను పిలిపించారు. అప్పటికి ఆయన చాలెంజర్ ఓడ మీద ప్రపంచ సముద్రాల లోతులు కొలిచే ప్రసిద్ధ యాత్ర మధ్యలో, హాంకాంగ్‌లో ఉన్నాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడే రెజొల్యూట్ అనే ఓడ మీద ఆర్కిటిక్‌లో గడిపిన అనుభవం ఆయనకుంది. ఈ రెజొల్యూట్ పేరు గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

ఎంత ఉత్తరానికి వెళ్లింది?

1875 మే 29న డిస్కవరీ అనే తోడు ఓడతో పోర్ట్స్‌మత్ నుంచి బయలుదేరింది. గ్రీన్‌లాండ్‌కూ ఎల్స్‌మియర్ దీవికీ మధ్యనున్న ఇరుకు సముద్రం గుండా పైకి వెళ్లారు. మంచు తెరుచుకుంటే కదలడం, మూసుకుంటే ఆగడం, ఇదే వరస. ఇప్పుడు ఆ దారి మొత్తాన్ని నేర్స్ జలసంధి అంటారు. డిస్కవరీ లేడీ ఫ్రాంక్లిన్ బే దగ్గర శీతాకాలానికి ఆగిపోయింది. అలర్ట్ ఇంకా ముందుకు వెళ్లి, సెప్టెంబర్ మొదట్లో ఎల్స్‌మియర్ దీవి ఈశాన్యపు కొసకు చేరింది. అప్పటిదాకా ఏ ఓడా చేరని అక్షాంశం అది, 82 డిగ్రీల 27 నిమిషాలకు అటూ ఇటూ.

అక్కడ రేవు లేదు. ఒడ్డుకు దగ్గరగా లోతులేని నీటిలో ఇళ్లంత మంచుగడ్డలు నేలకు తగిలి నిలబడి ఉంటే, వాటి వెనక ఓడను దాచారు. బయట సముద్రంలో ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చే మంచుకు ఆ గడ్డలే గోడ. ఆ చోటికి ఫ్లోబర్గ్ బీచ్ అని పేరు పెట్టారు.

శీతాకాలమంతా ఓడలో ఏం చేశారు?

142 రోజులు సూర్యుడు కనిపించలేదు. 1876 మార్చిలో ఉష్ణోగ్రత మైనస్ 73 ఫారెన్‌హీట్ దాకా, అంటే మైనస్ 58 సెల్సియస్‌కు, పడిపోయింది. ఓడ పైభాగాన్ని గుడారం గుడ్డతో కప్పి, చుట్టూ మంచు దట్టంగా పేర్చారు, చలి లోపలికి రాకుండా. చదువురాని నావికులకు సాయంత్రం బడి పెట్టారు. నాటకాలు వేశారు. వాటి ప్రకటనలు ముద్రించుకోడానికి ఓడలో ముద్రణ యంత్రం కూడా ఉంది. మరోపక్క గంటగంటకూ గాలి, ఉష్ణోగ్రత, ఆటుపోట్లు, అయస్కాంత సూది కదలిక రాసుకుంటూ పోయారు. చీకట్లో, వేళ్లు కొంకర్లు పోతుండగా రాసిన ఆ పట్టికలు ఇప్పటికీ పనికొస్తున్నాయి.

ధ్రువం వైపు నడిచినవాళ్ల సంగతి ఏమిటి?

1876 ఏప్రిల్ 3న కమాండర్ ఆల్బర్ట్ హేస్టింగ్స్ మార్కమ్ బృందం మంచు గడ్డకట్టిన సముద్రం మీద ఉత్తరానికి బయలుదేరింది. బండ్లు లాగింది కుక్కలు కాదు, మనుషులు. ఎక్కడైనా మంచు విడిపోతే నీళ్లు దాటాలి కదా అని పడవలను కూడా బండ్ల మీద కట్టి లాగారు.

ఆ మంచు చదునుగా ఉండదు. గడ్డలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, మనిషి ఎత్తుకు, అంతకన్నా ఎత్తుకు గుట్టలుగా నిలుస్తాయి. గునపాలతో, పారలతో దారి తవ్వుకుంటూ వెళ్లాలి. అందరూ కలిసి ఒక బండిని కొంత దూరం లాగి, వెనక్కి నడిచి వచ్చి, రెండోదాన్ని లాగాలి. రోజంతా ఇలా ఒళ్లు హూనం చేసుకుంటే ముందుకు జరిగేది మైలు, మైలున్నర. లెక్క చూడండి. ఓడ నుంచి వాళ్లు చేరిన చివరి చోటుకు సూటిగా 73 మైళ్లు. అది చేరి తిరిగి రావడానికి వాళ్ల కాళ్లు నడిచింది 500 మైళ్ల పైన.

మే 12న 83 డిగ్రీల 20 నిమిషాల 26 సెకన్ల దగ్గర ఆగిపోయారు. మనుషులు అప్పటిదాకా చేరిన వాటిలో అదే అతి ఉత్తరపు చోటు. ధ్రువం ఇంకా 400 నాటికల్ మైళ్లు ఉంది. అక్కడ కూడా వాళ్లు చేసిన పని ఒకటి నన్ను కదిలిస్తుంది. అప్పటికే కొందరు నడవలేని స్థితిలో ఉన్నారు. అయినా మంచుకు రంధ్రం చేసి, తాడు దింపి, సముద్రం లోతు కొలిచారు. డెబ్బై బారల చిల్లర. వెనక్కి తిరిగే ముందు ఆ అంకె రాసుకున్నారు.

తిరుగు ప్రయాణంలో ఒక్కొక్కరే పడిపోయారు. పళ్ల చిగుళ్లు వాచి నల్లబడడం, మోకాళ్లు బిగుసుకుపోవడం, ఎప్పుడో మానిన పుండ్లు మళ్లీ తెరుచుకోవడం, ఇవన్నీ స్కర్వీ లక్షణాలు. నడవగలిగినవాళ్లు నడవలేనివాళ్లను బండి మీద వేసి లాగారు. జూన్ 7న లెఫ్టినెంట్ ఆల్ఫ్రెడ్ పార్ ఒంటరిగా ఓడ వైపు బయలుదేరాడు. మంచులో పొగమంచు, తోడు ఎవరూ లేరు, దాదాపు ఒక రోజంతా ఆగకుండా నడిచి ఓడ ఎక్కి విషయం చెప్పాడు. ఓడలోకి వచ్చిన మనిషిని మొదట చూసినవాళ్లు పోల్చుకోలేకపోయారంటే ఆశ్చర్యం లేదు. సాయం బయలుదేరింది గానీ, అది చేరేలోపే జూన్ 8న జార్జ్ పోర్టర్ అనే నౌకాదళ ఫిరంగి సైనికుడు చనిపోయాడు. తోటివాళ్లు అతన్ని మంచులోనే పూడ్చిపెట్టారు.

నిమ్మరసం ఉండగా స్కర్వీ ఎలా వచ్చింది?

నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. స్కర్వీ అంటే విటమిన్ సి లేకపోవడం వల్ల వచ్చే జబ్బు. పుల్లని పండ్ల రసంతో అది తగ్గుతుందని బ్రిటిష్ నౌకాదళానికి పద్దెనిమిదో శతాబ్దంలోనే తెలుసు. మరి ఎనభై ఏళ్ల తర్వాత ఏమైంది?

ఇక్కడ తెలుగులో చెప్పేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఇంగ్లిషులో లెమన్, లైమ్ అని రెండు మాటలు. మనకు రెండూ నిమ్మే. నౌకాదళం మొదట వాడింది మధ్యధరా తీరపు లెమన్, పసుపుపచ్చగా, కోలగా ఉండే పెద్ద నిమ్మ. 1860లలో దాన్ని మానేసి వెస్టిండీస్ దీవుల్లో బ్రిటిష్ తోటల్లో కాసే లైమ్‌కు మారారు. అది దాదాపు మన వంటింటి నిమ్మకాయే, పల్చటి తొక్క, చిన్న గుండ్రని కాయ, పులుపు బాగా ఎక్కువ. పులుపే మందు అనుకున్నారు కాబట్టి, పులుపు ఎక్కువైన రసం ఇంకా మంచిదనుకున్నారు. నిజానికి జబ్బును ఆపే గుణం ఆ లైమ్ రసంలో లెమన్ రసంలో ఉన్నదాంట్లో నాలుగో వంతే. దాన్ని పిండి, నిల్వచేసి, నెలల తరబడి సీసాల్లో ఉంచేసరికి ఆ కాస్తా తరిగిపోయింది. 1918 ప్రాంతంలో లండన్‌లోని లిస్టర్ సంస్థలో హారియెట్ చిక్, ఆమె తోటి శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి ఈ తేడాను బయటపెట్టారు. అంటే మార్కమ్ మనుషులు పడిపోయిన 42 ఏళ్ల తర్వాత.

బండ్లు లాగిన బృందాలకు ఆ బలహీనమైన రసం కూడా అందలేదు. సీసాలు గడ్డకట్టి పగిలిపోతాయి, కరిగించడానికి ఇంధనం చాలదు, బరువు ఎక్కువవుతుంది అని దాన్ని తీసుకెళ్లలేదు. ఫ్లోబర్గ్ బీచ్ చుట్టుపక్కల వేట కూడా తక్కువ, కాబట్టి తాజా మాంసం అంతంతమాత్రం. ఒంట్లో నిల్వ ఉన్న కాస్త విటమిన్ శీతాకాలంలోనే ఖర్చయిపోయింది. వసంతంలో ఎడ్లలా పనిచేసేసరికి మనుషులు కూలిపోయారు.

1877లో ప్రభుత్వ విచారణ జరిగింది. బండ్ల మీద నిమ్మరసం పంపకపోవడం నేర్స్ తప్పు అన్నారు. ఆయన పంపి ఉండాల్సింది, నిజమే. కానీ పంపినా ఆ రసం వాళ్లను కాపాడేది కాదు. అసలు తప్పు ఎవరికీ తెలియని చోట ఉంది. కాయ మారినప్పుడు, కొత్త రసం పనిచేస్తుందా లేదా అని ఎవరూ పరీక్షించి చూడలేదు. ఒక మనిషి మీద తప్పు రాసి ఫైలు మూసేస్తే, జబ్బు కారణం ఇంకో నలభై ఏళ్లు అలాగే ఉండిపోయింది.

అయితే ఆ యాత్ర విఫలమైనట్టేనా?

ధ్రువం చేరాలన్న లక్ష్యం విఫలమైంది. నేర్స్ రెండో శీతాకాలం ఉండకుండా 1876 వేసవిలోనే వెనక్కి తిరిగాడు. మనుషుల ప్రాణాల గురించి ఆలోచించి తీసుకున్న ఆ నిర్ణయం నా దృష్టిలో యాత్రలోని గొప్ప నిర్ణయం. నవంబర్ మొదట్లో ఓడలు పోర్ట్స్‌మత్ చేరాయి.

కానీ అదే వసంతంలో లెఫ్టినెంట్ పెలమ్ ఆల్డ్రిచ్ బృందం ఎల్స్‌మియర్ దీవి ఉత్తర తీరం వెంట పడమరకు నడిచింది. కెనడా భూభాగంలో అతి ఉత్తరపు కొస అయిన కొలంబియా అగ్రాన్ని దాటింది. తీరాన్ని అంటిపెట్టుకుని ఉన్న దళసరి మంచు అంచు గురించి ఆయన రాసుకున్నాడు. ఆ మంచు పలకలో దాదాపు 90 శాతం 20వ శతాబ్దంలోనే పోయింది. ఎంత పోయిందో లెక్కవేయాలంటే మొదట ఎంత ఉండేదో తెలియాలి కదా. అందుకు ఇప్పటి శాస్త్రవేత్తలు తెరిచే పాత కాగితాల్లో ఆల్డ్రిచ్‌వి ఉన్నాయి.

తర్వాత సర్వే ఓడగా ఎందుకు మార్చారు?

గట్టిగా ఉన్న ఓడ, పాతబడిన యుద్ధనౌక. కొత్త ఇనుప ఓడల ముందు దాని ఫిరంగులకు విలువ లేదు. లోతులు కొలిచే పనికి మాత్రం అలాంటి నెమ్మది ఓడే కావాలి. 1878లో మళ్లీ నేర్స్ చేతికే ఇచ్చి మెగలాన్ జలసంధికి పంపారు. 1879లో ఆయన్ని ఇంగ్లాండులో వేరే ఉద్యోగానికి పిలిచారు. ఆయన స్థానంలో జాన్ మెక్లియర్ వచ్చాడు. చాలెంజర్ మీద నేర్స్ దగ్గర పనిచేసినవాడే, దక్షిణాఫ్రికాలోని కేప్ ఖగోళ కేంద్రాన్ని నడిపిన థామస్ మెక్లియర్ కొడుకు.

సముద్రాన్ని సర్వే చేయడమంటే నిజంగా ఏం చేసేవాళ్లు?

ముందుగా ఒడ్డున ఒక చదునైన చోట జాగ్రత్తగా ఒక గీత పొడవు కొలుస్తారు. దాని రెండు కొసల నుంచి ఒక కొండ శిఖరానికో, పాతిన జెండాకో కోణాలు చూస్తారు. ఒక గీత, రెండు కోణాలు తెలిస్తే త్రిభుజం పూర్తయినట్టే. దాని మీద ఇంకో త్రిభుజం, దాని మీద ఇంకోటి, అలా తీరమంతా త్రిభుజాల వల పరుచుకుంటూ పోతారు. భూమి మీద సర్వేయర్లు చేసే పనే ఇది. తేడా అంతా ఆ తర్వాత వస్తుంది. కనిపించని నేలను కొలవాలి.

దానికి పడవలు దింపుతారు. పడవ ముందుభాగంలో నిలబడ్డ నావికుడి చేతిలో తాడు, దాని కొసకు సీసపు గుండు. మేస్త్రీ గోడకు వేలాడదీసే తూకం గుండు లాంటిదే, ఇంకా బరువు. గుండును ముందుకు విసిరి, అది అడుగుకు తగిలి తాడు నిట్టనిలువుగా నిలిచిన క్షణంలో లోతు కేకవేయాలి. కొలమానం ఫాథమ్, ఆరు అడుగులు. ఆ మాటకు మొదటి అర్థం చాచిన రెండు చేతుల పొడవు. మన జాలర్లు తాడునూ లోతునూ కొలిచే బార సరిగ్గా అదే. చేతులు బార్లా చాపడం అంటే ఏమిటో తెలిసిన మనకు ఫాథమ్‌ను వేరే వివరించక్కర్లేదు.

తాడు మీద లోతు ఎలా తెలుస్తుంది? గుర్తులు కట్టి ఉంటాయి. రెండు బారల దగ్గర రెండు తోలు పేలికలు, మూడు దగ్గర మూడు. ఐదు దగ్గర తెల్ల గుడ్డ, ఏడు దగ్గర ఎర్ర గుడ్డ, పది దగ్గర చిల్లు ఉన్న తోలుముక్క, పదమూడు దగ్గర నీలం గుడ్డ. ఒక్కోటి ఒక్కో రకం నేత. చీకట్లో రంగు కనిపించకపోయినా వేళ్లతో తడిమి ఏ గుర్తో చెప్పేయొచ్చు, వేళ్లు మొద్దుబారితే పెదవికి ఆనించి చూసేవాళ్లు. గుండు అడుగున చిన్న గుంట ఉంటుంది. అందులో కొవ్వు కూరుతారు. పైకి లాగినప్పుడు ఆ కొవ్వుకు ఇసుకో, బురదో, గవ్వ పెంకులో అంటుకుని వస్తాయి. ఏమీ అంటుకోకుండా కొవ్వు మీద నొక్కు మాత్రమే పడితే కింద బండ ఉందన్నమాట. అక్కడ లంగరు పట్టదు. ఇదంతా పటంలో లోతు అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఎక్కుతుంది.

గుండు వేసిన ప్రతిసారీ పడవ ఎక్కడుందో కూడా తెలియాలి. ఒడ్డున కనిపించే మూడు గుర్తుల మధ్య రెండు కోణాలు సెక్స్‌టెంట్‌తో చూస్తే, పటం మీద పడవ స్థానం పడుతుంది. దీనికితోడు ఒడ్డున కొలబద్ద పాతి ఆటుపోట్ల ఎత్తు రాసుకోవాలి, ఎందుకంటే పొద్దున కొలిచిన లోతు సాయంత్రానికి మారిపోతుంది. ఇలా రోజుకు వందలసార్లు, వానలో, అలల్లో, నెలల తరబడి. ఒక్క బండరాయిని వదిలేస్తే, ఎన్నో ఏళ్ల తర్వాత ఆ పటాన్ని నమ్ముకుని వచ్చిన ఓడ దానికి గుద్దుకుంటుంది. అందుకే ఆ పనిలో ‘దాదాపు’ అనే మాటకు చోటు లేదు.

మెగలాన్ జలసంధికే ఎందుకు? ఇంకా ఎక్కడ తిరిగింది?

పనామా కాలవ తెరిచింది 1914లో. అప్పటిదాకా యూరప్ నుంచి చిలీ, పెరూలకు వెళ్లే స్టీమర్లు దక్షిణ అమెరికా కొసన ఉన్న ఈ ఇరుకు దారినే వెళ్లేవి. పడమటి వైపు పటగోనియాలో వందల దీవుల మధ్య లోపలి కాలవలున్నాయి. వాటిలో దూరితే బయటి సముద్రపు తుపానులు తప్పుతాయి, కానీ లోతులు తెలియాలి. అక్కడ ఎప్పుడూ వానే, కొండలు సగం రోజులు మబ్బులోనే ఉంటాయి, కోణం చూద్దామంటే శిఖరం కనబడదు.

అక్కడి నుంచి తాహితీ, ఫిజీ మీదుగా ఆస్ట్రేలియా. క్వీన్స్‌లాండ్ తీరం, టోరెస్ జలసంధిలోని పగడపు దిబ్బలు, పోర్ట్ డార్విన్. తర్వాత సింగపూర్, హిందూ మహాసముద్రంలో సెషెల్స్, అమిరాంటి దీవులు, మొజాంబిక్. 1882 సెప్టెంబర్‌కు ఇంగ్లాండు చేరింది.

ఓడలో శాస్త్రవేత్తలు ఉన్నారా?

ప్రత్యేకంగా కాదు. ఓడ వైద్యుడు రిచర్డ్ కాపింజరే ఆ పని కూడా చూసుకున్నాడు. ఆయన అంతకుముందు డిస్కవరీ మీద ఆర్కిటిక్‌కు వెళ్లొచ్చినవాడు. సర్వే పడవలు ఎక్కడ ఆగితే అక్కడ దిగి పగడాలు, పీతలు, నత్తలు, పక్షులు పోగుచేశాడు. అవి బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. వాటి మీద 1884లో మ్యూజియం పెద్ద నివేదిక వేసింది, అందులో కొత్త జాతులు చాలా ఉన్నాయి.

బ్రిటన్ ఈ ఓడను అమెరికాకు ఎందుకు ఇచ్చింది?

1881లో అడాల్ఫస్ గ్రీలీ నాయకత్వాన అమెరికా బృందం, మొత్తం 25 మంది, లేడీ ఫ్రాంక్లిన్ బేలో స్థావరం పెట్టింది. డిస్కవరీ శీతాకాలం గడిపిన రేవే అది. వాళ్లలో లాక్‌వుడ్ అనే అధికారి 1882లో 83 డిగ్రీల 24 నిమిషాలు చేరి మార్కమ్ రికార్డును నాలుగు మైళ్ల తేడాతో దాటాడు. ఆ తర్వాత రెండేళ్లు వరసగా సాయపు ఓడలు వాళ్లను చేరలేకపోయాయి. 1883లో వాళ్లు పడవల్లో దక్షిణానికి బయలుదేరి సాబిన్ అగ్రం దగ్గర చిక్కుకుపోయారు.

అప్పుడు వాళ్లకు తిండిగా మిగిలినవాటిలో నేర్స్ 1875లో దారిలో దాచిన డబ్బాలు కూడా ఉన్నాయి. ఇసబెల్లా అగ్రం దగ్గర ఆయన వదిలిన 144 పౌండ్ల మాంసం తేవడానికి నవంబర్‌లో నలుగురు వెళ్లారు. ఆ ప్రయాణంలో జోసెఫ్ ఎలిసన్‌కు చేతులూ కాళ్లూ గడ్డకట్టిపోయాయి. మాంసాన్ని దారిలోనే వదిలేసి అతన్ని బతికించుకోవాల్సి వచ్చింది.

1884లో అమెరికా మూడు ఓడలు సిద్ధం చేసింది: థెటిస్, బేర్, మూడోది అలర్ట్. అలర్ట్‌ను బ్రిటన్ డబ్బు తీసుకోకుండా ఇచ్చింది. దానికి వెనక ఒక రుణం ఉంది. కుర్రవాడు నేర్స్ పనిచేసిన రెజొల్యూట్‌ను 1854లో మంచులో వదిలేసి వచ్చారు. అది దానంతటదే కొట్టుకుపోయి అమెరికా తిమింగలాల వేట ఓడ కంటపడింది. అమెరికా ప్రభుత్వం దాన్ని కొని, బాగుచేయించి, 1856లో విక్టోరియా రాణికి కానుకగా పంపింది. అమెరికా అధ్యక్షుడి ఆఫీసులోని ప్రసిద్ధ బల్ల ఆ ఓడ చెక్కతో చేసిందే. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత అలర్ట్ ఆ మర్యాదకు బదులు.

కమాండర్ జార్జ్ కాఫిన్ చేతిలో అలర్ట్ సరుకులతో వెనక వచ్చింది. ముందు వెళ్లిన థెటిస్, బేర్ జూన్ 22న సాబిన్ అగ్రం చేరేసరికి 25 మందిలో ఏడుగురే బతికున్నారు. వాళ్లలో ఎలిసన్ కొద్దిరోజులకే పోయాడు.

కెనడాలో ఏం పని చేసింది?

గ్రీలీ సాయం ముగిశాక ఓడ కెనడా చేతికి వచ్చింది. 1885, 1886 వేసవుల్లో లెఫ్టినెంట్ ఆండ్రూ గోర్డన్ దీన్ని హడ్సన్ జలసంధికి తీసుకెళ్లాడు. మైదానాల్లో పండే గోధుమను హడ్సన్ బే మీదుగా యూరప్‌కు పంపొచ్చా, ఆ దారి ఏడాదిలో ఎన్ని నెలలు తెరిచి ఉంటుంది అన్నది తేల్చడం పని. జూలై నుంచి అక్టోబర్ మొదటి దాకా అని గోర్డన్ తేల్చాడు. ఆ తర్వాత నోవా స్కోషియా, సెయింట్ లారెన్స్ ప్రాంతంలో దీపస్తంభాలకు నూనె, సరుకులు మోసింది. 1894లో అమ్మేశారు.

ఇదే పేరుతో వేరే ఓడలున్నాయా?

ఉన్నాయి, బ్రిటన్‌కు చాలానే. అమెరికా నౌకాదళానికి కూడా 1875లో కట్టిన సొంత అలర్ట్ ఉంది. పాత ఫోటో కనిపిస్తే ముందు తేదీ చూసుకోండి.

ఇప్పుడు చూడడానికి ఏమైనా మిగిలిందా?

ఓడ లేదు. ఆ రకం ఓడ ఎలా ఉండేదో చూడాలనుకుంటే ఇంగ్లాండులోని చాథమ్ డాక్‌యార్డులో గానెట్ అనే స్లూప్ ఉంది, 1878లో నీళ్లలోకి దిగింది. అలర్ట్ కన్నా తర్వాతి తరానిదే అయినా, పొగగొట్టం పక్కన తెరచాప కొయ్యలు నిలబడి ఉండడం కళ్లారా చూడొచ్చు.

పేరు మాత్రం ఫ్లోబర్గ్ బీచ్ దగ్గరే నిలిచింది. 1950లో కెనడా అక్కడికి దగ్గర్లో వాతావరణ కేంద్రం పెట్టి దానికి అలర్ట్ అని పేరు పెట్టింది. ధ్రువానికి 817 కిలోమీటర్లు, ఏడాది పొడవునా మనుషులు ఉండే చోట్లలో ప్రపంచంలో అతి ఉత్తరాన ఉన్నది అదే. అక్కడి గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో దశాబ్దాలుగా కొలుస్తున్నారు. ఆ తీరాన ఒక సమాధి కూడా ఉంది. నీల్స్ క్రిస్టియన్ పీటర్సన్ అనే డెన్మార్క్ వాసిది, అలర్ట్‌లో దుబాసీగా వచ్చినవాడు. 1876 వసంతంలో బండి ప్రయాణంలో చలికి పాదాలు దెబ్బతిని, ఓడకు తిరిగొచ్చాక మే నెలలో చనిపోయాడు.